ఒక పేరుకి ఒక కార్డు

ఆ పుస్తకానికి ఆరువందల పన్నెండు పేజీలు. ముందుమాటలో గ్రంథాలయం పెద్ద సారు కృతజ్ఞతలు చెప్పుకున్నవాళ్ళు పదకొండుమంది. కాగితం సరఫరా చేసిన కొట్టాయన ఉన్నాడు, బైండింగు చేసినాయన ఉన్నాడు, రాసుకోవడానికి కిటికీ తలుపుల్లేని గది ఇచ్చిన అధికారి కూడా ఉన్నాడు. ఆ గదిలో ఏడేళ్ళు కూర్చుని, నాలుగువేల చిల్లర కార్డులు రాసి, ఊరి ప్రముఖుల జీవితాలన్నీ తన చేత్తో టైపు చేసిన మనిషి మాత్రం ఆ జాబితాలో లేదు. అట్ట మీద ఉన్నది పెద్ద సారు పేరొక్కటే. అచ్చయిన పుస్తకాలు గ్రంథాలయానికి వచ్చిన రోజు, వాటి వెన్ను మీద నెంబరు చీటీలు అతికించింది కూడా ఆమే. వేలికంటిన జిగురు గుడ్డకి తుడుచుకుని తర్వాతి ప్రతి అందుకుంది.

ఆమెని అందరూ కార్డులమ్మ అనేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడూ మరదలూ ఉన్న ఇంట్లోనే ముందు గది ఆమెది. పుస్తకం చూసి తమ్ముడు మండిపడ్డాడు, వెళ్ళి నిలదియ్యమన్నాడు. "పోన్లేరా, పుస్తకమైతే వచ్చింది కదా" అంది. మరదలు ఊరుకోలేదు. "మా వదిన నోట్లో నాలుక ఉందో లేదో ఒకసారి డాక్టరుకి చూపించాలండీ" అని వచ్చినవాళ్ళందరి దగ్గరా అంది. వచ్చినవాళ్ళు నవ్వి, ఎంత ఓర్పమ్మా మీ వదినది అని మెచ్చుకుని వెళ్ళారు.

ఓర్పని వాళ్ళనుకున్నారు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్ద సారుని తిట్టుకోవడానికి కూడా ఆమెకి మొహం చెల్లలేదు. ఎందుకంటే అదే పుస్తకంలో మూడువందల ఎనభై ఎనిమిదో పేజీ ఉంది. ఆ పేజీలో ఒక మనిషి చేసిన పనిని ఇంకో మనిషికి కట్టబెట్టింది తనే.

అది అర్థం కావాలంటే ముందు కార్డుల సంగతి తెలియాలి.

కార్డంటే అరచేతికన్నా కాస్త పెద్ద దళసరి కాగితం. కింద అంచున ఒక చిల్లు. సొరుగులో కార్డులన్నీ నిలబెట్టి, ఆ చిల్లుల్లోంచి ఇత్తడి చువ్వ దూర్చి, సొరుగు ముందర మర బిగిస్తారు. చువ్వ లాగితే తప్ప కార్డు బయటికి రాదు. ఆ మర తిప్పే తాళంచెవి కార్డులమ్మ దగ్గరే ఉండేది. కార్డు పై గీత మీద మనిషి పేరు, ఎర్ర సిరాతో. దాని కింద పుట్టిన ఏడు, పోయిన ఏడు, చేసిన ఘనకార్యం. అడుగున ఎడమ మూల, ఆ సంగతి ఎక్కడ దొరికిందో ఆ ఆధారం. ఒకే పేరుతో ఇద్దరు తగిలితే పుట్టిన ఏడు చూసి వేరు చెయ్యాలి. అదీ కలిస్తే పేరు పక్కన వృత్తి రాయాలి.

ఇలాంటి కవలపేర్లు ఆమెకి చాలా తగిలాయి. ఒకే పేరుతో ఒకే కాలంలో ఒక వైద్యుడూ ఒక మల్లుడూ ఉన్నారు. ఇద్దరూ పేరు మోసినవాళ్ళే. వైద్యుడి మునిమనవడు పనిగట్టుకుని వచ్చి, ఆ మల్లుడు విరగ్గొట్టిన చేతులన్నీ మా ముత్తాతే కట్టాడు, ఆయనేమో వెనకాల నిలబడాలా అని పోట్లాడాడు. "మ తర్వాతే వ వస్తుంది బాబూ, నేనేం చెయ్యను" అని కార్డులమ్మ నచ్చజెప్పి పంపింది. ఆ పని మీద ఆమెకి అంత ప్రేమ. ఒక పేరు వెనక ఇద్దరు మనుషులు నిలబడి ఉంటే, ఇద్దరినీ విడదీసి ఎవరి చోట వాళ్ళని కూర్చోబెట్టడంలో ఏదో న్యాయం ఉందని ఆమె నమ్మింది.

తర్వాత మిల్లు దొర పేరు వచ్చింది.

మిల్లు దొరకీ, నీళ్ళ శాఖలో పనిచేసిన ఒక ఫిట్టరుకీ ఇంటిపేరుతో సహా అక్షరం తేడా లేదు. పుట్టిన ఏడు కూడా ఒకటే. ఊళ్ళో ఎవరూ వాళ్ళని కలగలుపుకోలేదు. ఒకాయన్ని దొర అన్నారు, ఒకాయన్ని ఒరేయ్ అన్నారు.

ఎనభై ఏళ్ళ కిందట కలరా వచ్చింది. మిల్లు మురుగుకాలవ పక్కనుంచి పోయే పెద్ద గొట్టం పగిలి, మురుగు తాగేనీళ్ళలో కలుస్తోందని ఆ ఫిట్టరు కనిపెట్టాడు. పై అధికారికి రెండుసార్లు చెప్పాడు. నీళ్ళు కట్టేస్తే మిల్లు ఆగుతుందని అధికారి చెవిన పెట్టలేదు. మూడోరోజు పొద్దున్న ఫిట్టరు ఒక్కడే వెళ్ళి ప్రధాన వాల్వు మూసి, దాన్ని తిప్పే కడ్డీ ఇంటికి పట్టుకుపోయాడు. గొట్టం బాగుచేశాకే ఇస్తానన్నాడు. తొమ్మిది రోజులు మిల్లు ఆగింది, ఊరంతా బిందెలతో ఏటికి నడిచింది, చావులు ఆగాయి. పదోరోజు ఫిట్టరుకి ఉద్యోగం పోయింది. ఏటికి నడిచిన కాళ్ళ నొప్పి మాత్రం ఊరికి గుర్తుండిపోయి, ఆ ఇంటికి 'నీళ్ళు కట్టేసినోడి ఇల్లు' అని పేరు పెట్టింది. మిల్లు దొర ఆ తొమ్మిది రోజులూ ఊళ్ళోనే లేడు. పదేళ్ళ తర్వాత ఒక నీళ్ళ ట్యాంకు కట్టించాడు. అది నిజం, మంచి పని కూడా.

ఎప్పటిదో ఒక పత్రికలో మాత్రం ఒక్క వాక్యం ఉంది, ఫలానా ఆయన సాహసించి నీళ్ళు కట్టెయ్యడం వల్ల ఊరు బతికిందని. అందులో పేరుంది. వృత్తి లేదు.

కార్డులమ్మ నీళ్ళ శాఖ పాత హాజరు పట్టీలు తిరగేసి అసలు మనిషిని పట్టుకుంది. రెండు కార్డులు రాసింది. ఒకదాని పేరు పక్కన 'మిల్లు యజమాని', రెండోదాని పక్కన 'ఫిట్టరు'. పెద్ద సారు ఆ రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టించుకుని చూశాడు. అప్పుడు మిల్లువాళ్ళు గ్రంథాలయానికి కొత్త చదువుగది కట్టిస్తారనే మాట నడుస్తోంది.

"ఒక పేరుకి ఒక కార్డు చాలమ్మా" అన్నాడు. "ఫిట్టర్లూ మేస్త్రీలూ అని మొదలుపెడితే మనకి సొరుగులెన్ని కావాలి?"

ఇద్దరూ వేరని ఆమె చెప్పింది. హాజరు పట్టీ సంగతి చెప్పింది. ఒక్కసారే, నెమ్మదిగా.

"పత్రికలో పేరుంది. ఆ పేరు మనకి తెలిసిన పేరే. ఇంకా ఎందుకు తవ్వుతావు?"

ఇక తవ్వలేదు. ఆ మధ్యాహ్నమే మర తిప్పి, చువ్వ లాగి, ఫిట్టరు కార్డు బయటికి తీసింది. ఫిట్టరు వాల్వు మూశాడని తను రాసుకున్న వాక్యాన్ని, తన మిల్లు ఆగిపోతున్నా లెక్కచెయ్యక దొరగారు వాల్వు మూయించారని మార్చి టైపు కొట్టింది. వాక్యం నున్నగా వచ్చిందని పెద్ద సారు మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుకి ఒక్క క్షణం ఆమెకి సంతోషం కలిగింది. తర్వాత ఇరవై ఆరేళ్ళు ఆమెని కాల్చుకుతిన్నది ఆ ఒక్క క్షణమే.

పనికిరాని కార్డుల్ని నాలుగు ముక్కలుగా కోసి, వెనక తెల్లగా ఉంటుంది కనక, చదువరులు కావలసింది రాసిచ్చే చీటీలుగా కౌంటరు మీద పెట్టెలో వెయ్యడం ఆ గ్రంథాలయం అలవాటు. ఆ పొదుపు కనిపెట్టింది కూడా కార్డులమ్మే. ఫిట్టరు కార్డు కూడా అలాగే నాలుగు ముక్కలై పెట్టెలో పడింది.

వారం తిరక్కుండా ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. పెట్టెలోంచి చీటీ తీసుకుని, కౌంటరు అంచున ఆనించి ఒక పేరు రాసిచ్చింది. మా తాత గురించి ఎక్కడైనా ఏదైనా రాసి ఉందేమో అని అడిగింది. మంచంలో ఉన్న అమ్మ ఒకసారి కళ్ళారా చూసుకుంటానంటోందట.

కార్డులమ్మ అలవాటు కొద్దీ చీటీ తిరగేసింది. వెనక తన చేతిరాత. కార్డు అడుగున ఎడమ మూల ముక్క అది: 'ఆధారం: నీళ్ళ శాఖ హాజరు పట్టీ, ప్రధాన పంపుహౌసు, పుట 41.' ఆ పిల్ల తన తాత కార్డు ముక్క మీదే తాత పేరు రాసిచ్చింది.

పెద్ద సారు గది తలుపు తీసే ఉంది.

"లేదమ్మా. ఆ పేరుతో మిల్లు దొరగారి కార్డు ఒక్కటే ఉంది."

"అలాగాండీ. నేనే ఎక్కువ ఆశపడ్డాను" అని ఆ పిల్ల, శ్రమ ఇచ్చినందుకు ఏమీ అనుకోవద్దని కూడా చెప్పి వెళ్ళిపోయింది.

కార్డులమ్మ ఆ చీటీని కళ్ళజోడు పెట్టె అడుగున, గుడ్డ కింద దాచింది. చించి పారెయ్యలేదు, బయట పెట్టలేదు. మింగలేక కక్కలేక, జోడు తీసిన ప్రతిసారీ ఆ గుడ్డ కింద అదుందని తెలుస్తూనే ఉంది.

కొన్నేళ్ళకి ఆ అమ్మాయి నీళ్ళ శాఖలో మీటర్లు చూసే పనిలో కుదిరింది. రెండు నెలలకోసారి కార్డులమ్మ ఇంటికి వచ్చేది. "అమ్మా, మీటరు" అని గేటు దగ్గర కేకేసి, పెరట్లో ఇనప మూత కొక్కెంతో లేపి, అద్దం మీద మట్టి బొటనవేలితో తుడిచి, అంకె రాసుకునేది. కార్డులమ్మ తేలు కుట్టిన దొంగలా లోపలే ఉండి, మరదలి చేత గ్లాసుతో మంచినీళ్ళు పంపేది. ఎండలో తిరిగొచ్చిన మనిషి గటగటా తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్ళేది. ఆ గ్లాసుని కార్డులమ్మే కడిగేది. మరదలికి ఇది వింతగా ఉండేది. ఏడాదికి ఆరుసార్లు వచ్చే మనిషికి నువ్వు చేసే మర్యాద ఇంట్లో ఉన్న నాకు చెయ్యవేం వదినా అనేది.

పెద్ద సారు పోయాడు. కార్డులమ్మ పదవీ విరమణ చేసి ఎనిమిదేళ్ళయింది. ఈ ఏడు కొత్త పంపుహౌసు కట్టారు. దానికి మిల్లు దొర పేరు పెట్టాలని ఊరి అభివృద్ధి సంఘం తీర్మానించింది. గుమ్మం పక్కన రాతి పలక మీద మూడువందల ఎనభై ఎనిమిదో పేజీలోని వాక్యం యథాతథంగా చెక్కించారు. సంఘం అధ్యక్షుడు స్వయంగా ఇంటికి వచ్చి, ఆ పుస్తకం అసలు రాసింది మీరేనని మాకెప్పుడో తెలుసు, మీకు జరిగిన అన్యాయం ఈ సభలో సరిదిద్దుతాం, వేదిక మీద ఆ పేజీ మీరే చదవాలి అన్నాడు.

మరదలికి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆమె అప్పటికే నలుగురికి ఫోన్లు చేసేసింది. కార్డులమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అధ్యక్షుడు 'అన్యాయం' అన్నప్పుడల్లా ఆమె చెయ్యి ఆ పెట్టె మీదికి పోతోంది. ఇరవై ఆరేళ్ళు ఎదురుచూసిన పేరు ఇవాళ గుమ్మంలోకి వచ్చింది. పుచ్చుకోవాలంటే తను చేసిన దొంగతనాన్ని మైకు ముందు గట్టిగా చదవాలి.

సభకి పదిరోజుల ముందు మీటరు చూసే వంతు వచ్చింది. ఈసారి కార్డులమ్మే పెరట్లోకి వచ్చింది. మాట్లాడాలి, కూర్చోమంది.

"ఇంకా పద్నాలుగిళ్ళున్నాయమ్మా. నిలబడే వింటాను."

కార్డులమ్మ చీటీ చేతికిచ్చింది. మీటరమ్మాయి, ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళ మనిషి, దాన్ని ఎండకేసి పట్టుకుని చూసింది.

"ఇది నా రాతే" అంది. తిప్పింది. "మరి ఇది?"

"నాది."

తర్వాత కార్డులమ్మ అంతా చెప్పింది. రెండు కార్డులు, ఇత్తడి చువ్వ, నాలుగు ముక్కలు, టైపు కొట్టిన వాక్యం. పెద్ద సారు చెప్పాడని కూడా అంది, అని, వెంటనే నాలుక కరుచుకుంది. చువ్వ లాగిన చెయ్యి పెద్ద సారుది కాదు. మీటరమ్మాయి అడ్డురాలేదు. వింటూనే మూత లేపింది, అద్దం తుడిచింది, అంకె రాసుకుంది, మూత వేసింది.

"మిమ్మల్ని మొదటిరోజే గుర్తుపట్టానమ్మా" అంది లేస్తూ. "మీరే నన్ను మర్చిపోయారనుకున్నాను. ఆ రోజు ఇంటికెళ్ళి, లేదన్నారే అని మా అమ్మకి చెప్పాను. కార్డులు రాసేవాళ్ళే లేదన్నాక ఇంక లేనట్టే కదే అంది. ఆ ఏడే పోయింది."

కార్డులమ్మ ఏదో అనబోయింది. క్షమించమని కాబోలు.

"అది తర్వాత చూద్దాం. పుట ఎంతన్నారు?"

ఆ సాయంత్రం ఇద్దరూ పాత పంపుహౌసు వెనక రికార్డు గదికి వెళ్ళారు. కాపలా ఆయన మీటరమ్మాయికి తెలిసినవాడే, తాళం తీశాడు. పట్టీల అంచులు చెదలు కొట్టేశాయి. నలభై ఒకటో పుట మధ్యలో వరస బాగానే ఉంది: ప్రధాన వాల్వు అనుమతి లేకుండా మూసి, తొమ్మిది రోజులు సరఫరా నిలిపినందుకు తొలగించడమైనది. ఎదురుగా వంకర అక్షరాలతో, దొరగారి పేరే, ఫిట్టరు సంతకం.

మీటరమ్మాయి ఆ సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు ఉంది. "మా తాతకి సంతకం వచ్చా" అంది. "వేలిముద్ర అనుకునేవాళ్ళం."

మర్నాడు పుట ఫోటో తీసుకుని అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళారు. ఆయన కుర్చీలు వేయించాడు, శ్రద్ధగా విన్నాడు, పాపం అన్నాడు. తర్వాత నవ్వాడు.

"ఇద్దరి పేరూ ఒకటే కదమ్మా. పలక మీద ఉన్నది ఆ పేరేగా. మీ తాతదే అనుకో, ఎవరొద్దన్నారు?"

"అయితే పేరు పక్కన ఫిట్టరు అని ఒక్క మాట చెక్కించండి సార్" అంది మీటరమ్మాయి. "పేరు ఒకటే కదా, ఎవరికీ నష్టం లేదు."

నువ్వు పనిచేసేది నీళ్ళ శాఖలోనే కదూ, పర్మనెంటు అయిందా అని అధ్యక్షుడు చాలా ఆప్యాయంగా అడిగాడు. ఎనభై ఏళ్ళ తర్వాత కూడా ఆ ఇంటికి అందిన జవాబు అదే. కార్డులమ్మ పక్కనే ఉంది. ఈసారి నోరు విప్పింది. ఆ వాక్యం తప్పని, తప్పు రాసింది తనేనని, సభలో చదవనని చెప్పింది. ఆ మాటే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, సభలో చదవమని ఇచ్చింది.

సభలో అది చదవలేదు. ఆమెకి ఒంట్లో బాగాలేదని మైకులో చెప్పి, మూడువందల ఎనభై ఎనిమిదో పేజీ ఇంకెవరి చేతో చదివించారు. చప్పట్లు బాగా పడ్డాయని మరదలు వచ్చి చెప్పింది. మరదలు రెండురోజులు ముభావంగా తిరిగి, మూడోరోజు నిలదీసింది. కార్డులమ్మ ఆమెకీ తమ్ముడికీ అంతా చెప్పింది. మరదలు విని, "అయితే ఆ గ్లాసు మర్యాద ఇదన్నమాట" అని మాత్రం అంది.

ఆమె ఇప్పుడు రోజూ గ్రంథాలయానికి వెళ్తోంది. సొరుగులు వరండాలో ఓ మూల పడి ఉన్నాయి. అంతా కంప్యూటరు. కొత్తగా వచ్చిన గ్రంథాలయాధికారి మంచి కుర్రాడే. అచ్చయిన పుస్తకంలోని వివరానికి మా రికార్డులో దిద్దుబాటు చేర్చాలంటే పదిమంది చదువరులు సంతకాలతో అర్జీ పెట్టాలమ్మా, రూలు అన్నాడు. కార్డులమ్మ ఒక పాత ఖాళీ కార్డు అడిగి తీసుకుంది. ఎర్ర సిరాతో పేరు రాసి, పక్కన 'ఫిట్టరు' అని రాసింది. ఎడమ మూల ఆధారం, పుట 41. దాని కింద ఎప్పుడూ ఎవరూ రాయని ఒక వరస చేర్చింది: 'ఇద్దరు మనుషులను ఒక కార్డు చేసి తప్పు చేసినవారు', ఎదురుగా తన పూర్తి పేరు. ఆ కార్డుని అర్జీకి గుచ్చి కౌంటరు దగ్గర పెట్టింది. ఆ గ్రంథాలయంలో ఆమె పేరు అక్షరాల్లో కనబడే చోటు అదొక్కటే.

అర్జీ మీద ఇప్పటికి ఏడు సంతకాలయ్యాయి. రెండోది మరదలిది. మీటరమ్మాయి పెట్టలేదు. "మా తాత గురించి నేనే పెడితే ఏం విలువమ్మా? ఆ నీళ్ళు తాగినవాళ్ళు పెట్టాలి" అంది. మొన్న మీటరు చూడ్డానికి వచ్చినప్పుడు కార్డులమ్మే స్వయంగా గ్లాసు పట్టుకెళ్ళింది. "వద్దమ్మా, తెచ్చుకున్నాను" అని సంచీలోంచి సీసా తీసి తాగింది. కోపంగా అనలేదు. మూత బిగించి, పక్కింటి గేటు తీసుకుని వెళ్ళిపోయింది. కార్డులమ్మ నిండు గ్లాసుతో పెరట్లో నిలబడిపోయింది.

చదివి, అయ్యో పాపం అనుకుని పేజీ తిప్పేవాళ్ళ వల్ల ఆ మిగిలిన మూడు సంతకాలు పడవు. కౌంటరు దగ్గర అడిగితే అర్జీ ఇస్తారు. అక్కడికి వెళ్ళలేని దూరంలో ఉన్నారా, అయితే మీ ఊరి గ్రంథాలయానికి వెళ్ళండి. మీ వీధి పేరు, మీ బడి పేరు, మీ ఆస్పత్రి గుమ్మం మీది పేరు కాగితం మీద రాసిచ్చి, ఈ పేరుతో ఇంకెవరైనా బతికారా, వాళ్ళేం పని చేసేవాళ్ళు అని అడగండి. లేదంటారు. అప్పుడు, శ్రమ ఇచ్చినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి వెనక్కి రాకండి. ఆధారం చూపించమనండి, చూపించేదాకా కౌంటరు దగ్గరే నిలబడండి.